డిగ్రీ చదివిన అబ్బాయి దొండ పందిరి వేస్తానంటే

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా అబ్బాయి బీఎస్సీ కెమిస్ట్రీ చేసి మూడేళ్లుగా గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాడు. ఇప్పుడు మాకున్న ఎకరంలో దొండ పందిరి వేస్తాను, చదువు కూడా మాననంటున్నాడు. ‘ఇంత చదివించింది దొండకాయలు అమ్ముకోవడానికా’ అని వాళ్ల నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు వాళ్ల నాన్నగారికి ఒక మాట చెప్పండి. మీవాడు ఓడిపోయి పొలం దారి పట్టడం లేదు. ఆలోచించే ఈ పంట ఎంచుకున్నాడనిపిస్తోంది. బెండ, వంగ లాగా ఏటా దున్ని విత్తనం వేసే పని దొండకు లేదు. ఒకసారి నాటితే 3, 4 ఏళ్లు కాస్తుంది. నాటిన రెండు నెలలు అటూ ఇటూగా కాపు మొదలై, వారం వారం చేతికి డబ్బు వస్తుంది. నా అభ్యంతరమల్లా ‘చదువు కూడా మానను’ అన్న మాట మీదే.

దొండ మన వీలు చూసుకుని కాయదు. కాపు ఊపందుకున్నాక 3, 4 రోజులకోసారి కోయాల్సిందే. కాస్త ఆలస్యమైతే కాయ ముదిరి లోపల ఎర్రబడుతుంది, దానికి మార్కెట్లో ధర పలకదు. ముదురు కాయలు తీగ మీదే ఉంటే కొత్త పిందెలూ తగ్గుతాయి. యంత్రంతో కోసే కాయ కాదిది. పందిరి కింద నిలబడి, తల పైకెత్తి, ఒక్కొక్కటే తెంపాలి. కూలీలు రాని రోజు ఇంటిల్లిపాదీ దిగాలి. రేపు ప్రిలిమ్స్ అనగా ఇవాళ కోత పడితే మీవాడు ఏం చేస్తాడు? రెంటిమధ్యా నలిగి, ఆ టెన్షన్‌లో రెండూ పోగొట్టుకున్న పిల్లలను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నోటిఫికేషన్ దగ్గర్లో ఉందనుకుంటే పరీక్ష రాసే దాకా పందిరి జోలికి వెళ్లొద్దు. జూన్, జూలైలో నాటడం కుదరకపోతే జనవరి, ఫిబ్రవరిలోనూ నాటుకోవచ్చు. పొలమే అనుకుంటే మూడేళ్లు పూర్తిగా దానికే ఇవ్వాలి.

పొలమే ఎంచుకుంటే మొదట చేయాల్సిన పని, దొండ వేసిన రైతు దగ్గర ఒక నెల కూలీగా చేరడం. కోత కోయాలి, బస్తాలతో మార్కెట్‌కు వెళ్లాలి, కమీషన్ పోగా మిగిలింది రాసుకోవాలి. నెల తర్వాత కూడా ఇష్టం తగ్గకపోతే అరెకరంతో మొదలుపెట్టమనండి. 2 మీటర్ల ఎడంలో అరెకరానికి సుమారు 500 గుంతలు పడతాయి. గుంతకు రెండు ముక్కల చొప్పున 1,000 కాండం ముక్కలు కావాలి. విత్తనంతో మాత్రం పెంచొద్దు. దొండలో మగ, ఆడ తీగలు వేరువేరు. విత్తనంతో వచ్చినవాటిలో మగవి చాలా ఉంటాయి, అవి కాయవు. బాగా కాస్తున్న ఆడ తీగ నుంచి, పెన్సిల్ మందాన, 3, 4 కణుపులున్న ముక్కలు తన చేత్తో కోసుకుని తెచ్చుకోవాలి. కాకిదొండ కలిసిందంటే కాయలు చేదొస్తాయి. ఒక్క చేదు కాయకు కొనేవాడు మళ్లీ రాడు.

మీ వైపు నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కట్టలు ఎత్తుగా పోసి, మురుగు కాలువ తీశాకే నాటాలి. వేళ్ల మీద బుడిపెలు తెచ్చే నులిపురుగులు ఈ పంటకు పెద్ద శత్రువులు. ఏళ్ల తరబడి ఉండే పంట కాబట్టి అవి చేరితే వదలవు. అంతకుముందు ఆ చేలో టమాటా, బెండ వేసి ఉంటే ఒక మొక్క పీకి వేళ్లు చూడమనండి. చలికాలంలో కాపు తగ్గుతుంది. ఆ రెండు నెలల ఇంటి ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలి.

ఎక్కువ డబ్బు పందిరికే పోతుంది. రాళ్లు, ఇనుప తీగ కొనకముందే రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుణ్ణి కలిసి పందిరికి, డ్రిప్‌కు ఈ ఏడాది రాయితీ ఉందేమో అడగాలి. కొన్నాక అడిగితే ప్రయోజనం ఉండదు. వడ్డీకి తెచ్చి మాత్రం రాతి స్తంభాలు పాతొద్దు. మొదటి ఏడాదికి వెదురు చాలు.

వాళ్ల నాన్నగారిని ఒప్పించే పని మీరు మీద వేసుకోకండమ్మా. ఆ నెల రోజుల కూలి లెక్కలున్న నోటు పుస్తకాన్ని మీ అబ్బాయినే ఆయన చేతిలో పెట్టమనండి. ఎకరం ఆయనది. గట్టు మీద కూర్చుని ఆ అంకెల గురించి తండ్రీకొడుకులే మాట్లాడుకోవాలి.