వయసు గడి ఒక్కటే నింపుకుని వచ్చేయకు

అమ్మడూ,

నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఊళ్లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ రక్తం తీసి, వయసును బట్టి కొలెస్ట్రాల్, యాంటీఆక్సిడెంట్లు ఎలా మారతాయో చూస్తావట. నా పని అందుకునేదొకతె ఇంట్లో వచ్చిందని సంబరపడ్డాను. వెనకే టెన్షనూ పట్టుకుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి, పన్నెండు గంటల పరగడుపు నీకు చెప్పక్కర్లేదు. చేతికి బిగించి కట్టే టూర్నికెట్ పట్టీ నిమిషం దాటనీయకు, కొలెస్ట్రాల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. విటమిన్ సి చూసేట్టయితే ప్లాస్మా తీయగానే మెటాఫాస్ఫారిక్ యాసిడ్ కలిపి ఐసులో పెట్టు.

నేను పనిచేసిన చోట ఒక సీనియరు గారు రక్తంలో యాంటీఆక్సిడెంట్ల మొత్తం బలాన్ని ఫ్రాప్ అనే పద్ధతిలో కొలిస్తే మగవాళ్ల అంకెలే ఎక్కువొచ్చాయి. ఆడవాళ్లు పళ్లూ కూరలూ సరిగ్గా తినరు, అందుకేనని రాసేశారు. మన ఇళ్లలో వాళ్ల కంచంలోకి చివరికి వచ్చేది అడుగూ బొడుగే కాబట్టి అందరూ తలూపారు. కానీ ఆ ట్యూబులో తేలే నీలం రంగులో సగానికి పైగా యూరిక్ యాసిడ్ పుణ్యమే. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఉన్నన్నాళ్లూ ఆడవాళ్ల కిడ్నీలు దాన్ని బాగా బయటికి పంపేస్తాయి. మగవాళ్లలో నిలవుంటుంది. గౌట్ కీళ్ల నొప్పులు తెచ్చే సరుకును ఆయన ఆరోగ్యం ఖాతాలో జమ కట్టారన్నమాట! నువ్వు యూరిక్ యాసిడ్ విడిగా కొలిచి పక్కన రాసుకో. విటమిన్ ఇ కూడా అంతే, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే కొవ్వు రేణువుల్లోనే తిరుగుతుంది. పెద్దవాళ్లలో ఎక్కువ కనిపిస్తే మురిసిపోకుండా కొలెస్ట్రాల్‌తో భాగించి చూడు.

ఇంకోటి, ఇది మర్చిపోతే ఊరుకోను. ఆడవాళ్ల వయసు రాసుకుని లేచి వచ్చేయకు. నెలసరి ఆగి ఎన్నేళ్లయిందో అడుగు. ఈస్ట్రోజెన్ తగ్గితే లివరు చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్‌ను మునుపటిలా లాగేసుకోలేదు, రక్తంలో పెరిగిపోతుంది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోవడంలో దేశం మొత్తం మీద మన ఆంధ్రా తెలంగాణాలే ముందున్నాయి. అండాశయాలు కూడా తీసేసి ఉంటే, నీ కాగితం మీద ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి ఒంట్లో యాభై దాటినట్టే. "ఆపరేషనైందమ్మా" అంటే అది పిల్లల ఆపరేషనో, గర్భసంచిదో తేల్చుకో. మగవాళ్లు నిలబడి ఉండగా అడిగితే ఎవరూ చెప్పరు. ఆశా కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకో.

మీ అమ్మమ్మకి ముప్పై ఆరేళ్లకే గర్భసంచీ, అండాశయాలూ రెండూ తీసేశారు. తర్వాత ఎప్పుడో ఛాతీలో మంటంటే గ్యాసని సోడా తాగించారు. ఆడదానికి గుండెపోటేమిటన్నారు ఆ రోజుల్లో. నువ్వింకా పుట్టలేదు, ఎత్తుకునేది నిన్ను, పాపం.

మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 లోపుంటే తక్కువ కింద లెక్క. ఇద్దరికీ ఒకే గీత గీయకు.

మొదటి శాంపిలు మీ అమ్మదే తియ్యి. పరగడుపంటే కాఫీ కూడా వద్దని గట్టిగా చెప్పు. అది కాఫీని తిండి కింద లెక్కేయదు.

మీ పెద్దమ్మ