మొదటి అధ్యాయానికి తాళం వెయ్

అమ్మాయీ,

నీ కవరు అందింది. నీ నవల 38 పేజీల రాతప్రతి, 3 పేజీల ఉత్తరం, అడుగున ముఖచిత్రం నమూనా, అంకితం పేజీ. ఇంకా రాయని పుస్తకానికి అంకితం! నాకు అక్కడే ఒళ్ళు మండింది. మొదటి అధ్యాయం 14 సార్లు తిరగరాశానని గొప్పగా చెప్పుకున్నావు. చదువుతుంటే తెలుస్తూనే ఉంది, తోమి తోమి గిన్నెకున్న కళాయి కూడా ఊడగొట్టావు. సూర్యోదయం ఒక పేజీ, కిటికీ ఒక పేజీ, నాయిక అద్దంలో తనని తాను చూసుకోవడం ఒకటిన్నర పేజీ. కవరు మూసి పక్కన పడేద్దామనుకున్నాను.

31వ పేజీ ఆపింది. తమ్ముడు అప్పు అడగడానికి అక్క ఇంటికి వెళ్తాడు. నోరు పెగలదు. పెరట్లో కుళాయి కారుతూ కనిపిస్తే వాషర్ మార్చి, చేతులు తుడుచుకుని, అడక్కుండానే వచ్చేస్తాడు. నేను కళ్ళజోడు తీసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ వెంటనే నువ్వు చేసిన పనేమిటి? "అతని ఆత్మాభిమానం అతన్ని అడగనివ్వలేదు" అని ఒక వాక్యం తగిలించావు. ఎందుకమ్మా? వాషర్ మార్చినప్పుడే మాకు తెలిసిపోయింది కదా. ఆ వాక్యం కొట్టెయ్. వద్దులే, ఇప్పుడు కొట్టెయ్యకు. కొట్టివేతలకి కూర్చున్నావంటే మళ్ళీ మొదటి పేజీ దగ్గరే తేలతావు.

నేను చెప్పేది ఒకటే. ఎవరడిగినా ఇదే చెప్పి విసిగిస్తానని నాకు పేరు కూడా ఉంది. నవలలో మొదటి అధ్యాయం అన్నిటికంటే ఆఖరున రాయాలి. ఇప్పుడున్నదాన్ని సొరుగులో పెట్టి తాళం వెయ్. 31వ పేజీ నుంచి ముందుకి నడు. కథ చివరిదాకా వెళ్ళేవరకు ఆ సొరుగు జోలికి పోకు.

ఊరికే చెప్పడం లేదు, చేతులు కాల్చుకుని చెబుతున్నాను. నా మొదటి నవలప్పుడు గుమాస్తా ఉద్యోగం, రాత్రిళ్ళు రాత. మొదటి అధ్యాయంతోనే రెండేళ్ళు కాపురం చేశాను. అందులో నాయిక గలగలా మాట్లాడుతూ ఉంటుంది, ఆ సంభాషణలంటే నాకు మహా ముద్దు. విసుగెత్తి ఎలాగో ముందుకెళ్ళాను. 12వ అధ్యాయానికి వచ్చేసరికి ఆవిడ మాట తగ్గింది. ఎందుకు తగ్గిందో నాకూ తెలీదు, నేను అనుకుని చేసింది కాదు. చివర్లో ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఒక్క ముక్క మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి మొదటి అధ్యాయం చూస్తే అందులో ఉన్నది ఎవరో పరాయి మనిషి! రెండేళ్ళ పని చించి పారేశాను. ఆవిడెవరో అప్పటికి తెలుసు కాబట్టి కొత్త అధ్యాయం నాలుగు రోజుల్లో అయిపోయింది. అచ్చయింది ఆ నాలుగు రోజుల రాతే.

నువ్వు రష్యన్ రచయిత దోస్తొయెవ్‌స్కీ సంగతి ఎత్తావు. 1866లో 'జూదరి' నవలని 26 రోజుల్లో స్టెనోగ్రాఫర్‌కి చెప్పి రాయించాడు కదా, నేనెందుకు రాయలేనని. రాయించాడు, నిజమే. నవంబరు 1 లోగా నవల ఇవ్వకపోతే తన రచనలన్నీ డబ్బివ్వకుండా అచ్చేసుకునే హక్కు ప్రచురణకర్తకి పోయేలా సంతకం పెట్టి ఉన్నాడు. ఆ టెన్షన్ నీకు లేదు. పైగా ఆ కథ ఆలోచన గురించి 1863లోనే స్నేహితుడికి ఉత్తరం రాశాడు, మూడేళ్ళుగా బుర్రలో నానుతోంది. జూదం సంగతి తనే ఆడి, పోగొట్టుకుని తెలుసుకున్నవాడు.

నాకు ఆయనకంటే ఇంగ్లీషు రచయిత ట్రాలప్ దగ్గరివాడు. తపాలా శాఖలో ఉద్యోగం. పొద్దున్నే ఐదున్నరకి బల్ల ముందు కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవాడట. ఆయన పోయాక 1883లో అచ్చయిన ఆత్మకథలో ఈ లెక్క చూసి సాహితీపరులు ముక్కు విరిచారు, ఇదేం రచన, గుమాస్తాగిరీ అని. గుమాస్తాలంటే లోకువ మరి.

నువ్వు అంత వేగం పోనక్కర్లేదు. రోజుకి 300 మాటలు, వారానికి ఐదు రోజులు. ముప్ఫై వారాలకి 45,000 అవుతాయి. తెలుగులో అది చక్కటి నవల. ఇంగ్లీషు వాళ్ళు చెప్పే 80,000 లెక్క చూసి హడలిపోకు. వాళ్ళు మూడు ముక్కలుగా చెప్పేదాన్ని మనం ప్రత్యయాలు అతికించి ఒక్క మాటలో చెప్పేస్తాం. రాత ఆపేటప్పుడు సన్నివేశం అయిపోయాక ఆపకు, తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే లేచిపో. మర్నాడు తెల్ల కాగితం చూసి బిక్కమొహం వెయ్యనక్కర్లేదు. కోర్టు సంగతో, ఆసుపత్రి సంగతో తెలీకపోతే "ఇక్కడ కనుక్కుని రాయాలి" అని పెట్టి ముందుకెళ్ళు. అది కనుక్కోవడానికి ఫోన్ తీశావా, ఆ రోజు పోయినట్టే. సగంలో తమ్ముణ్ణి అన్నగా మార్చాలనిపించిందనుకో, వెనక్కెళ్ళి దిద్దకు. విడిగా ఒక నోటు పుస్తకంలో రాసుకుని, మొదటినుంచీ అన్నే అన్నట్టు రాసుకుంటూ పో.

ఆ పుస్తకంలోనే అందరి వయసులు, కథ ఏ నెలలో నడుస్తోందో కూడా రాసుకో. ఇది నాకు జరిగిన పరాభవం. ఒక వారపత్రికలో నా సీరియల్ బాగా నడుస్తోందని సంపాదకుడు సాగదియ్యమన్నాడు. సాగదీశాను. కథలో గర్భవతి 14 నెలలైనా కనలేదు. "ఇది మనిషి గర్భమా, ఏనుగు గర్భమా?" అని ఒక పాఠకురాలు కార్డు రాసింది. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. అదే సంపాదకుడు, కొత్త సీరియల్‌కి చోటు కావాల్సొచ్చేసరికి, నా చివరి మూడు అధ్యాయాల్ని కత్తిరించి ఒకటిన్నర పేజీలో కుక్కేశాడు. నాతో ఒక్క మాట అనలేదు. చనిపోవాల్సిన మనిషి చనిపోలేదు కూడా. పాఠకులు నన్ను తిట్టారు.

ఇప్పటి మేష్టార్లు ఇంకో రకం. నువ్వు వెళ్ళిన వర్క్‌షాప్‌లో "మొదటి వాక్యంతోనే పాఠకుణ్ణి పట్టెయ్యాలి" అన్నారట. పడితే పట్టారు, పట్టుకుని ఎక్కడికి తీసుకెళ్తారు? ఇలాంటి మాటలు విని పిల్లలు మొదటి పేజీ దగ్గరే ముసలివాళ్ళైపోతున్నారు. బహుమతుల పోటీలవాళ్ళు కూడా మొదటి అధ్యాయం, కథాసంగ్రహం పంపమంటారు. మిగతాది ఎవడు చదువుతాడు కనక!

వర్తమానంలో రాయాలా, భూతకాలంలో రాయాలా అని అడిగావు. నీ చెయ్యి ఎటు పోతే అటు. కలం పేరు గురించి అడిగావు, ప్రచురణకర్తల అడ్రసులు అడిగావు. ఇంకేదో కూడా అడిగినట్టున్నావు, ఆ పేజీ ఎక్కడో పెట్టి మర్చిపోయాను. ముందుమాట మాత్రం రాయను. నేను రాసిన ముందుమాటలు చదివి పుస్తకం కొన్నవాణ్ణి ఇంతవరకు ఒక్కణ్ణి చూడలేదు. ఆ రాసినవాటిలో సగం, పుస్తకం పూర్తిగా చదవకుండా రాసినవే.

ఆ అక్క సంగతే నన్ను వదలడం లేదు. తమ్ముడు వెళ్ళాక కుళాయి తిప్పి చూసి ఉంటుంది. ఎందుకొచ్చాడో ఆవిడకి తెలుసనే నా అనుమానం. తెలిసీ ఎందుకు ఊరుకుందో నువ్వైనా అనుకున్నావో లేదో. అనుకుని ఉంటే ఉత్తరంలో రాయకు, నవలలో రాయి. పూర్తయ్యాక మొత్తం కట్ట పంపించు, చదువుతాను.

ఉంటాను.