నవల రాసినవారికి సినిమా పట్టుబడుతుందా? రాజోలు వైపు నుంచి ఒక జవాబు

థ్రిల్లర్ నవలలు రాసేవారికి సినిమా రచన సులువుగా అబ్బుతుందా, యండమూరి వీరేంద్రనాథ్ నవలలు బాగుంటాయా సినిమాలు బాగుంటాయా అని అడిగారు. ఆయన పుట్టిన రాజోలు పక్క పల్లెలోనే నేను పెరిగాను. కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నాను.

ఆంధ్రభూమి వారపత్రికలో ఆయన నవల తులసిదళం సీరియల్‌గా వస్తున్న రోజులు. అన్నయ్య నరసాపురంలో చదివేవాడు. అక్కడ పత్రిక కొని గోదావరి దాటించే పంటు ఎక్కితే, సఖినేటిపల్లి రేవుకు చేరేలోపు ఆ వారం భాగం పూర్తి. ఇంటికి వచ్చాక ఎంత బతిమాలినా కథ చెప్పేవాడు కాదు. ముందు అమ్మ వంతు. పోపు వేస్తూనే చదివేది, అందుకే నా చేతికి వచ్చేసరికి పేజీల అంచులకు నూనె వేలిముద్రలు. సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టడం నా పని. కథలో చిన్నపిల్ల తులసి మీద కాష్మోరా అనే చేతబడి ప్రయోగం మొదలయ్యాక ఆ పని తమ్ముడికి అంటగట్టాను. "తులసమ్మ దగ్గర భయమేమిటే!" అని నాయనమ్మ కేకలేసింది.

సరిగ్గా ఊపిరి బిగబట్టిన చోట "సశేషం" అని ఆపడం ఆయనకు వారం వారం అలవాటైన విద్య. సినిమాలో విశ్రాంతి ఎక్కడ పడాలో తెలియడమూ అదే విద్య అని నా నమ్మకం. 1983లో ఆయన నవల నుంచి వచ్చిన అభిలాష సినిమా చూడండి. ఉరిశిక్ష రద్దు కావాలనే లాయరు, చేయని హత్యను తనమీద వేసుకుంటాడు. తీరా బయటపడే దారి మూసుకుపోతుంది. కథంతా మూడు ముక్కల్లో వచ్చేసింది కదా! ఛాలెంజ్, రాక్షసుడు, మరణ మృదంగం కూడా ఆయన నవలల నుంచి వచ్చినవే, అన్నిటికీ కోదండరామిరెడ్డి దర్శకుడు, చిరంజీవి హీరో.

అయినా నా ఓటు నవలకే. ఛాలెంజ్‌నే తీసుకోండి. అయిదేళ్లలో యాభై లక్షలు సంపాదిస్తానన్న పందెం అది. రాసినాయన చార్టర్డ్ అకౌంటెంట్. పుస్తకంలో ఆ డబ్బు ఎత్తులే నన్ను కూర్చోబెట్టాయి. తెరమీద వాటిలో సగం పాటలకు చోటిచ్చి తప్పుకున్నాయి.

1991లో స్టువర్టుపురం పోలీస్ స్టేషన్‌కు ఆయనే దర్శకత్వం వహించారు. చిరంజీవి ఉన్నా ఆడలేదు. మేమంతా కలిసి వెళ్లాం. ఒకప్పుడు పంటు రేవుకు తగిలినా పుస్తకంలోంచి తలెత్తని అన్నయ్య, ఆ రోజు విశ్రాంతికి ముందే వేరుశనక్కాయలు కొనడానికి లేచి వెళ్లాడు.