1863లో గిడుగు జననమా, జయంతా?

సందేహం: బడి గోడపత్రికలో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక రాస్తుంటాను. ఆగస్టు 29 కింద ‘1863 – గిడుగు రామమూర్తి జయంతి’, ‘1976 – కాజీ నజ్రుల్ ఇస్లాం వర్ధంతి’ అని రాశాను. సంవత్సరం వేసినచోట ఆ మాటలు కుదరవని ఒక మాస్టారు అన్నారు. వర్ధంతి అంటే అసలు పుట్టినరోజేనని ఇంకొకరు అన్నారు. ఏది సరి?

సమాధానం: మాస్టారి మాట సరైనది. 1863 ఆగస్టు 29న జరిగింది గిడుగువారి జననం. ఆ తేదీ ఏటా తిరిగి వచ్చినప్పుడు మనం జరుపుకునేది జయంతి. నజ్రుల్ 1976లో మరణించారు. మొదటి వర్ధంతి 1977లో వచ్చింది. కనుక సంవత్సరం వేసి రాసే పట్టికలో జననం, మరణం అనే ఉండాలి. ‘నేడు గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం’ అని విడిగా రాసేటప్పుడు జయంతి చక్కగా సరిపోతుంది. లెక్క కూడా ఇలాగే: 1863కు 150 కలిపితే 2013. 150వ జయంతి ఆ ఏడాదే.

ఇక వర్ధంతి. ఆ రెండోవారు చెప్పినదానికీ ఆధారం ఉంది. పెరగడమనే అర్థమున్న ‘వృధ్’ ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. వర్ధిల్లడం, వర్ధమానం, అభివృద్ధి దీని చుట్టాలే. కన్నడంలో వర్ధంతి అంటే పుట్టినరోజు పండుగే. మైసూరు మహారాజుల జన్మదిన వేడుకలను అలాగే పిలిచేవారు. తెలుగులో మాత్రం అది చనిపోయిన రోజుకు స్థిరపడింది. వ్యుత్పత్తి పట్టుకుని ఇప్పుడు ఎవరికైనా ‘వర్ధంతి శుభాకాంక్షలు’ చెబితే ఆ ఇంటిల్లిపాదీ నొచ్చుకుంటారు. జనం నోట నిలిచిన అర్థమే అర్థం. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగువారి రోజున నిఘంటువును అడ్డం పెట్టి వాడుకను తప్పనడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

జయంతి విషయంలోనూ వాడుకదే పైచేయి. దేవుళ్లకూ గతించిన మహనీయులకూ జయంతి. బతికున్నవారికి పుట్టినరోజు, జన్మదినం. ఈ తేడా పాటించకపోతే పెద్ద అపచారమే అవుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇలాంటి పట్టికల్లో ఒకరికి ‘పరమపదించారు’, ఇంకొకరికి ‘శివైక్యం’, మరొకరికి ‘చనిపోయాడు’ అని రాస్తుంటారు. మొదటి రెండూ వైష్ణవ, శైవ సంప్రదాయాల మాటలు, అందరికీ అతకవు. మూడోదానిలో మర్యాద తగ్గింది. ‘మరణం’ అని రాస్తే ఏ మతంవారికైనా, ఏ దేశంవారికైనా సరిపోతుంది, గౌరవానికి లోటు రాదు. మీ రెండో వరుసను ‘1976 – బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాం మరణం’ అని మార్చండి.