పదికి 7.9 వస్తే ఏడుపెందుకు?

ప్రశ్న: నమస్తే సార్. మా తమ్ముడు లోకల్ ఫుట్‌బాల్ టోర్నీల్లో రిఫరీగా పోతుంటాడు. మొన్న గ్రౌండ్ పక్కన ఒక పెద్దాయన నోటుబుక్కు పెట్టుకొని కూర్చున్నాడని వాడికి మ్యాచంతా టెన్షనే. ఆయన రాసేదేంటి? యూరప్‌లో రిఫరీకి పదికి 7.9 వేస్తే తలవంపులంట కదా, నాకు ఇంటర్‌లో 79 శాతం వస్తే ఇంట్లో స్వీట్లు పంచినారు!
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ ఊళ్లో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పుణ్యమా అని పిల్లలకు ఫుట్‌బాల్ బాగానే అలవాటైంది, రిఫరీల గురించి అడిగేవాళ్లు మాత్రం మీరే మొదలు.

ఆ పెద్దాయన అబ్జర్వర్ అయ్యుంటాడు, అంటే రిఫరీ మ్యాచ్ ఎలా ఆడించాడో చూసి మార్కులేసేవాడు. ఇది పరీక్ష పేపర్ లెక్క కాదండీ. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా వాడుతూ వచ్చిన స్కేలు పేరుకు పది వరకు ఉంటుంది గానీ, మార్కులు ఎక్కువగా తిరిగేది 8 చుట్టూనే. మ్యాచ్ బాగా ఆడించిన రిఫరీకి 8.3 లేదా 8.4, అంటే ఆశించినంత చేశాడని. చేజారిపోయేలా ఉన్న మ్యాచ్‌ను గట్టిగా పట్టుకొని నడిపిస్తే 8.5, ఆపైన. 8.2 అంటే చిన్న చిన్నవి దిద్దుకోవాలి, 8.0, 8.1 అయితే దిద్దుకోవాల్సినవి ముఖ్యమైనవే.

7.9 కథ వేరు. మిగతా ఆటంతా బ్రహ్మాండంగా ఊది, ఒక్క స్పష్టమైన పెనాల్టీ ఇవ్వలేదనుకోండి, లేదా రెడ్ కార్డ్ తీయాల్సిన చోట ఎల్లోతో సరిపెట్టాడనుకోండి, మార్కు సీదా 7.9కి పడుతుంది. పక్కనే గీత గీసి 8.4 అని కూడా రాస్తారు, ఆ ఒక్కటీ లేకుంటే వచ్చేది ఇదీ అని. నాకైతే ఇది న్యాయమే అనిపిస్తుంది, ఎందుకంటే సగటు తీస్తే ఆ పెనాల్టీ వంద మంచి నిర్ణయాల్లో కలిసిపోయి కనబడకుండా పోతుంది. త్రో-ఇన్ తప్పు జట్టుకిచ్చినంత మాత్రాన ఇంత కోత పడదు లెండి.

ఈ అబ్జర్వర్లు ఎక్కువగా పాత రిఫరీలే, అందుకే వాళ్ల కళ్లు బంతి వెంబడే పోవు. ఫౌల్ జరిగినప్పుడు మీ తమ్ముడు ఎక్కడున్నాడు, ఆటగాళ్లిద్దరి మధ్య సందు కనబడే కోణంలో ఉన్నాడా లేక వాళ్ల వీపులు చూసి ఊదేశాడా, పదో నిమిషంలో ఫౌల్ అన్నదాన్నే డెబ్భయ్యో నిమిషంలో వదిలేశాడా, అడ్వాంటేజ్ ఇచ్చాక (ఫౌలైనా దెబ్బతిన్న జట్టుకు లాభమని ఆట సాగనిచ్చాక) వెంటనే లాభం లేకపోతే ఫ్రీకిక్ ఇచ్చాడా, కార్డు తీశాక అందరూ మీదపడితే ఎలా తట్టుకున్నాడు, ఇవన్నీ నిమిషాలతో సహా రాసుకుంటారు. నేను కాలేజీ మ్యాచ్‌లు ఆడించే రోజుల్లో, కడప ఎండకు కాళ్లు కదలక, సెంటర్ సర్కిల్ దగ్గరే నిలబడి బాక్స్‌లో ఫౌల్‌కు పెనాల్టీ ఊదాను. నిర్ణయం కరెక్టే. అయినా మ్యాచ్ అయ్యాక అబ్జర్వర్ అడిగింది ఒకటే: "అంత దూరం నుంచి నీకు కనబడిందా, ఊహించినావా?" నా దగ్గర జవాబు లేదు.

లోకల్ టోర్నీల్లో అంకెలు, ఫారాలు వేరుగా ఉండొచ్చు, చూసేవి మాత్రం దాదాపు ఇవే. ఆ పెద్దాయన మీ తమ్ముణ్ణి "నీకెలా అనిపించింది?" అని అడిగితే ఎండ, జనం గోల అని సాకులు చెప్పకుండా, తేడా కొట్టిన నిమిషం తనే ముందు చెప్పమనండి.

ప్రశ్న: లైన్ మీద జెండా పట్టుకునేవాళ్లకూ మార్కులుంటాయా? ఫిట్‌నెస్ కూడా ఆ అబ్జర్వరే చూస్తారా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఉంటాయమ్మా, విడిగా. ఆఫ్‌సైడ్ గీతకు సమానంగా పరిగెత్తుతున్నారా, తొందరపడి జెండా ఎత్తేస్తున్నారా అన్నది ముఖ్యంగా చూస్తారు. మ్యాచ్‌లో పరుగు ఎలా ఉందో అబ్జర్వర్ కూడా రాస్తారు గానీ, అసలు ఫిట్‌నెస్ పరీక్ష వేరే. ఫిఫా లెక్కలో అంతర్జాతీయ పురుష రిఫరీ 40 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోసారి 6 సెకన్లలో పరిగెత్తాలి. ఆ తర్వాత 15 సెకన్లలో 75 మీటర్ల పరుగు, 18 సెకన్లలో 25 మీటర్ల నడక, ఇట్లా 40 సార్లు, మొత్తం 4 కిలోమీటర్లు. అందులో పాసో ఫెయిలో అంతే, 8.4లూ 7.9లూ ఉండవు.