వంద పార్సిళ్లకు పద్నాలుగు ఫిర్యాదులు: డబ్బు ఎక్కడ పోతోంది?

ప్రశ్న: మాది కడప. డాబా మీదా, ఇంటి వెనక నాలుగు సెంట్ల జాగాలోనూ మొక్కలు పెంచి రెండేళ్లుగా వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. గులాబీలు కడియం నుంచి తెప్పిస్తాను. అడీనియం, జేడ్, స్నేక్ ప్లాంట్ ఇక్కడే పెంచుతాను. కొరియర్‌తో కలిపి ఏ మొక్కయినా 300 రూపాయలు. ఏప్రిల్‌లో వంద పార్సిళ్లు పంపితే 14 మంది మొక్క చచ్చిందనో విరిగిందనో గొడవ పెట్టుకున్నారు. 9 మందికి డబ్బు వెనక్కిచ్చాను, 5 మందికి వేరే మొక్క పంపాను. ఒకాయన కామెంట్లలో ‘మోసగత్తె’ అని రాశాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. చేతిలో డబ్బు లేక పాప కోసం కట్టే చీటీ డబ్బు కూడా ఇందులో పెట్టేశాను. మా ఆయన ఆపెయ్యమంటున్నాడు. ‘రీఫండ్ లేదు’ అని రాసేయమంటారా? 50,000 లోన్ తీసుకుని షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) వేసి వ్యాపారం పెంచితే ఈ నష్టాలు తట్టుకోగలనా?

జవాబు: అమ్మా, ఉత్తరంతో పాటు మీరు పంపిన నోటుబుక్ ఫోటోలు చూశాను. ఎవరికి ఎంత వెనక్కిచ్చారో పెన్నుతో రాశారు, ఏ మొక్కకు ఇచ్చారో పక్కనే పెన్సిల్‌తో చిన్నగా రాశారు. ఆ పెన్సిల్ రాతను మీరు మళ్లీ చూసుకున్నట్టు లేదు. అసలు సంగతి అక్కడే ఉంది.

మీ లెక్క ప్రకారం మొక్కకు 90, అట్టపెట్టె, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), టేపు కలిపి 35, కొరియర్‌కు 90. మొత్తం 215. 300కి అమ్మితే 85 మిగలాలి, అంటే వంద పార్సిళ్లకు 8,500. తొమ్మిది మందికి 300 చొప్పున 2,700 వెనక్కి వెళ్లాయి. ఐదుగురికి మళ్లీ పంపిన మొక్కలకు 215 చొప్పున 1,075 అయింది. పోగా మిగిలింది 4,725. పార్సిల్‌కు 85 వస్తోందని మీరు ఇల్లు నడుపుతున్నారు, వచ్చింది 47. చీటీ డబ్బు కరిగింది ఈ తేడాలోనే.

ఇప్పుడు పెన్సిల్ రాత చూద్దాం. డబ్బు వెనక్కిచ్చిన తొమ్మిదీ గులాబీలే. ఆ నెల మీరు పంపిన గులాబీలు 30. వాటి మీద రావాల్సిన లాభం 2,550, వాటికి మీరు తిరిగిచ్చింది 2,700. అంటే నెలంతా ముళ్లు గుచ్చుకుంటూ ముప్పై పెట్టెలు కట్టి, పైన 150 రూపాయలు మీరే వేసుకున్నారు. మిగతా 70 పార్సిళ్ల మీద ఐదు ఫిర్యాదుల ఖర్చు పోగా 4,875 మిగిలింది. గులాబీలు అమ్మకుండా ఉంటే పని తగ్గేది, డబ్బు పెరిగేది.

గులాబీ ఎందుకు పోతోందో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, డబ్బు వైపు నుంచి ఒక మాట. కడియం మొక్క గోదావరి గాలిలో, తేమలో పెరిగింది. వేళ్ల చుట్టూ మట్టి ముద్దతో లారీలో వచ్చి కడప ఎండలో దిగుతుంది. మీ పుస్తకంలో తేదీలు చూస్తే, దిగిన రెండో రోజే మళ్లీ పెట్టెలోకి ఎక్కించారు. డబ్బు ఇరుక్కుపోతుందన్న తొందర అది. రెండు వారాలు నీడలో ఉంచితే 30 మొక్కల మీద పెట్టిన 2,700 ఆ రెండు వారాలూ కదలదు, నిజమే. కానీ తొందరపడినందుకు పోయింది కూడా సరిగ్గా అంతే. పుస్తకంలో ఇంకొకటి కూడా ఉంది: ఆ తొమ్మిదింటిలో ఆరు శుక్ర, శనివారాల్లో పంపినవి. ఆదివారం కొరియర్ గోడౌన్‌లో ఉడికిపోయి ఉంటాయి.

కాబట్టి వానలు పడేదాకా గులాబీలు దూరం పంపకండి. ప్రొద్దుటూరు, రాజంపేట, కర్నూలు లాంటి ఒక్క రోజు దూరానికైతే ఆర్టీసీ కార్గోలో పంపండి, సోమవారమో మంగళవారమో. మే నెలలో దూరం వాళ్లకు అడీనియం అమ్ముకోండి. కుండీ లేకుండా, వేళ్లు ఆరబెట్టి పంపినా తట్టుకునే మొక్క అది.

‘రీఫండ్ లేదు’ అని మాత్రం రాయకండి. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో కేంద్రం తెచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనలు ఉన్నాయి. లోపమున్న సరుకుకు, చూపించింది ఒకటి పంపింది ఒకటి అయినప్పుడు, డబ్బు తిరిగివ్వనని అమ్మేవాళ్లు అనడానికి లేదు. క్రమం తప్పకుండా వ్యాపారంగా చేస్తున్నారు కాబట్టి ఇంట్లోంచి చేస్తున్నానన్న మాట చెల్లదు. పైగా 2019 చట్టం ప్రకారం కొన్నాయన తను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. 300 రూపాయల మొక్క కోసం విశాఖపట్నం వినియోగదారుల కమిషన్‌కు జవాబు చెప్పుకునే పరిస్థితి మీకెందుకు?

అలాగని అడిగిన ప్రతివాళ్లకూ ఇవ్వాల్సిన పని లేదు. మళ్లీ పంపిన ఐదింటిలో ఒక జేడ్ ఉంది. అందిన మూడు వారాలకు కాండం మెత్తబడిందని రాశారామె. అది ఆమె రోజూ నీళ్లు పోసిన ఫలితం, మీ తప్పు కాదు. ఆ 215 మీరు మొహమాటానికి పెట్టిన ఖర్చు. అమ్మేముందే మెసేజ్‌లో చెప్పేయండి: పెట్టె విప్పుతూ వీడియో తీయాలి, ఇబ్బంది ఉంటే 24 గంటల్లో చెప్పాలి, వారం తర్వాత బాధ్యత కొన్నవాళ్లది. డబ్బు కట్టకముందే ఇది వాళ్ల కంటపడాలి, గొడవయ్యాక చూపిస్తే పనికిరాదు.

ఫిర్యాదు రాగానే డబ్బు పంపడమూ తొందరే. ఆకులన్నీ రాలితే మొక్క చచ్చిందనుకుంటారు జనం. నేనూ ఒకసారి ఆన్‌లైన్‌లో నిమ్మ మొక్క తెప్పించుకుని, ఆకులు రాలగానే అమ్మినాయన్ని నోటికొచ్చినట్టు అన్నాను. కొన్నాళ్లకే చిగురేసింది. ఆయనకు సారీ చెప్పలేదు, ఇప్పటికీ. కాబట్టి ముందు ఇలా రాయండి: ‘సార్, కొమ్మ మీద గోటితో కొంచెం గీరి ఫోటో పంపండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. అడీనియం అయితే దుంప నొక్కి చూడండి, గట్టిగా ఉంటే భయం లేదు. నీడలో పెట్టి వారం చూడండి, అప్పటికీ చిగురు రాకపోతే మీ డబ్బు మీకు పంపేస్తాను.’ మాట ఇచ్చాక నిలబెట్టుకోండి. మెసేజ్‌కు ఆ సాయంత్రంలోగా జవాబివ్వండి. ‘మోసగత్తె’ అన్నాయన మెసేజ్ పెట్టింది ఆదివారం పొద్దున, మీరు చూసింది మంగళవారం. ఆ మాట తప్పే, కానీ రెండు రోజులు మౌనంగా ఉంటే 300 కట్టినాయనకు అనుమానం రాదా?

నిజంగా చచ్చినవాటికి డబ్బు కావాలా, మొక్క కావాలా అని వాళ్లనే అడగండి. డబ్బిస్తే మీకు 300, మొక్క పంపితే 215. కానీ అదే ఎండలో మళ్లీ గులాబీ పంపితే రెండోసారీ పోతుంది. ‘జులైలో పంపుతాను’ అంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల పేర్లు వేరే పేజీలో రాసుకోండి, అది మీరు తీర్చాల్సిన అప్పు.

డబ్బు ఏ నంబర్ నుంచి వచ్చిందో ఆ నంబర్‌కే తిరిగి పంపండి. ఎవరైనా ‘పొరపాటున 300 బదులు 3,000 పంపాను, మిగతాది వెనక్కివ్వండి’ అని స్క్రీన్‌షాట్ పెడితే దాన్ని నమ్మకుండా మీ బ్యాంకు ఖాతా చూసుకోండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎవరూ కొట్టనక్కర్లేదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక లోన్. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర పథకంలో శిశు రకం లోన్ కింద 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. 12 శాతం వడ్డీతో మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 1,660 కట్టాలి. మీకు మిగులుతున్న 4,725లో మూడో వంతు కంటే ఎక్కువ. ఇప్పుడు వ్యాపారం పెంచితే గులాబీల నష్టం కూడా పెరుగుతుంది. నా మటుకు నేను వద్దంటాను. గులాబీలకు నీడ కావాలంటే డాబా మీద ఒక మూలకు సరిపడా నెట్ చాలు.

దానికి బదులు ఒక పని చేయండి. ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి, పార్సిల్ పంపిన రోజే ఒక్కో దానికి 20 రూపాయలు అందులో వేయండి, ఎండాకాలంలో 40. గులాబీలు తీసేస్తే మీ ఫిర్యాదుల ఖర్చు పార్సిల్‌కు 15 రూపాయలే పడింది కాబట్టి ఇది సరిపోతుంది. తిరిగిచ్చే డబ్బు ఆ ఖాతా నుంచే పోవాలి, ఇంటి డబ్బు ముట్టకూడదు. అందులో 3,000 నిలిచాక ఆపైన వచ్చేది పాప చీటీకి కట్టండి, తీసినంతా పూడేవరకూ.

ఆపెయ్యాలా వద్దా అన్నది జులై ఆఖరున మీ ఆయనతో కూర్చుని తేల్చుకోండి. అప్పటిదాకా ఏ మొక్కకు ఎంత పోయిందో పెన్సిల్‌తో కాకుండా పెన్నుతోనే రాయండి.