చూపు లేని నాన్నకు నిద్రవేళ రోజూ ఎందుకు జరిగిపోతోంది?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. నీటికాసుల వల్ల రెండు కళ్లూ పూర్తిగా పోయి నాలుగేళ్లయింది. టార్చి వేసినా తెలియదు. కొన్నాళ్లు రాత్రి పదింటికల్లా హాయిగా పడుకుంటారు. తర్వాత పన్నెండు, రెండు, నాలుగు... అలా జరుగుతూ చివరికి రాత్రంతా మెలకువ, పగలంతా నిద్ర. నెలన్నరకు మళ్లీ మామూలవుతుంది. నిద్రమాత్రలు పనిచేయలేదు. మెలటోనిన్ 10 మిల్లీగ్రాములు వేయమంటున్నారు. వేయవచ్చా? బీపీకి అటెనొలాల్ వాడుతున్నారు.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: 'నెలన్నర' అన్న మీ మాటలోనే సగం జవాబు ఉంది. మెదడులోని జీవగడియారం కచ్చితంగా 24 గంటలది కాదు. సగటున దాని రోజు 24 గంటల 11 నిమిషాలు, కొందరిలో ఇంకాస్త ఎక్కువ. అది 24న్నర గంటలైతే రోజుకు అరగంట జారుతూ 48 రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది. చూపున్నవాళ్లలో పగటి వెలుతురు ఈ ముల్లును రోజూ సరిచేస్తుంది. మీ నాన్నగారికి ఆ సవరణ అందడం లేదనిపిస్తోంది. ఈ సమస్య పేరు 'నాన్-24', అంటే నిద్ర-మెలకువల చక్రం 24 గంటలకు కుదరకపోవడం. ఇది మామూలు నిద్రలేమి కాదు. నిద్రమాత్ర మగత తెస్తుంది కానీ గడియారాన్ని కదపదు. పైగా ఈ వయసులో తూలి పడే ప్రమాదం ఉంది.

చూడటంతో పాటు కంటికి ఇంకో పని కూడా ఉంది. 1995లో హార్వర్డ్‌లో చార్లెస్ సైస్లర్ బృందం చూపు లేని 11 మందిపై ప్రకాశవంతమైన వెలుగు ప్రసరింపజేసింది. రాత్రిపూట శరీరంలో తయారై, వెలుగు తగిలితే తగ్గే హార్మోను మెలటోనిన్. అది ముగ్గురిలో తగ్గింది, వాళ్లలో ఇద్దరికి కళ్లు మూసి చూస్తే తగ్గలేదు. వాళ్లకు ఏమీ కనిపించకపోయినా వెలుగు కబురు మెదడుకు చేరుతోందన్నమాట. ఆ కబురు మోసేవి రెటీనాలోని (కంటి వెనుక తెరలోని) కొన్ని గాంగ్లియన్ కణాలు. అవి తమంతట తామే వెలుగును పసిగడతాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది, దానికి కారణం వాటిలోని మెలనాప్సిన్ అనే వర్ణకం. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే రెటీనా జబ్బులో చూపునిచ్చే రాడ్లు, కోన్లు అనే కణాలు పోయినా ఈ కణాలు చాలామందిలో మిగులుతాయి. నీటికాసుల్లో దెబ్బతినేవే గాంగ్లియన్ కణాలు, వాటి తీగలైన దృష్టి నాడి. అందుకే ఎండలో కూర్చోబెట్టమనే సలహా మీ నాన్నగారికి అంతగా అక్కరకు రాదు.

ముందు ఆరు వారాలు నోటు పుస్తకంలో ఆయన నిద్ర పట్టిన వేళ, లేచిన వేళ, పగటి కునుకు రాయండి. పట్టిన వేళ రోజూ కొంచెం కొంచెం ఆలస్యమవుతుంటే అనుమానం దాదాపు తీరినట్టే. గురక, రాత్రి పదేపదే మూత్రం, నొప్పి కూడా నిద్ర చెడగొడతాయి కానీ ఇలా చుట్టు తిరగవు. నిద్ర వైద్యుడికి ఈ పుస్తకమే చూపండి.

ఇక 10 మిల్లీగ్రాముల సంగతి. ఆ సలహా గాలివాటంగా పుట్టింది కాదు. 2000లో ఒరెగాన్ పరిశోధకులు పూర్తి అంధులు ఏడుగురికి రోజూ అంతే ఇస్తే ఆరుగురి గడియారం గాడిలో పడింది. లొంగని ఏడో వ్యక్తికి 20 మిల్లీగ్రాములూ పనిచేయలేదు, చివరికి 0.5 మిల్లీగ్రాముకు దారికొచ్చాడు! సాయంత్రపు మెలటోనిన్ నిద్రవేళను తొందరగా వచ్చేలా లాగుతుంది, తెల్లవారుజామున అదే ఆలస్యమయ్యేలా నెడుతుంది. పెద్ద మోతాదు పొద్దుటిదాకా రక్తంలో ఉండిపోతే ఈ రెండు ప్రభావాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి నేనైతే చిన్న మోతాదుతోనే మొదలుపెడతాను.

పదింటికి పడుకునేవారైతే 0.5 మిల్లీగ్రాము రాత్రి తొమ్మిదింటికి, ప్రయాణాల్లోనైనా, పండగైనా అదే వేళకు. షాపుల్లో ఎక్కువగా 3, 5, 10 మిల్లీగ్రాములవే దొరుకుతాయి. మామూలు 3 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి సుమారు 0.75, అది చాలు. 'ఎస్ఆర్' (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) అని ఉన్నవి మాత్రం విరవకూడదు. ఎక్కువమంది తప్పు చేసేది మొదలుపెట్టే రోజు దగ్గర: ఆయన పగలు నిద్రపోతున్న రోజుల్లో కాదు, సహజంగా పదింటికి నిద్ర పడుతున్న వారంలో ప్రారంభించండి. ఫలితం తేలడానికి వారాలు పడుతుంది, నాలుగు రోజులకే మోతాదు పెంచేయకండి.

అటెనొలాల్ శరీరంలో రాత్రిపూట తయారయ్యే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. దాన్ని హఠాత్తుగా ఆపడం గుండెకు ప్రమాదం, మార్చే వీలుందేమో బీపీ చూసే డాక్టర్ని అడగండి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడేది), ఫ్లువోక్సమిన్ (మానసిక సమస్యలకు వాడేది) వాడుతుంటే మెలటోనిన్ మొదలుపెట్టే ముందే డాక్టర్‌కు చెప్పాలి. గాడిలో పడ్డాక మాత్ర ఆపితే కొద్ది రోజుల్లోనే జారడం మళ్లీ మొదలవుతుంది.